20 కిలోమీటర్లు దాటితే వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయి: సైకిల్ మార్చాలా, ఉన్నదాన్నే సరిచేసుకోవాలా?

ప్రశ్న: వేకువసవారీ

చాలా ఏళ్లపాటు మూలన నిలబెట్టి ఉంచిన సైకిల్‌ను నాలుగు నెలల క్రితం బయటకు తీసి, దుమ్ము దులిపి, టైర్లలో గాలి నింపి మళ్లీ తొక్కడం మొదలుపెట్టాను. అది తిన్నని హ్యాండిల్, 35 మిల్లీమీటర్ల వెడల్పు టైర్లు, ముందు ఒకటే పళ్లచక్రం, వెనుక ఏడు గేర్లు, రిమ్మును పట్టుకునే బ్రేకులు ఉన్న మామూలు సైకిల్. వారానికి మూడు రోజులు తెల్లవారకముందే బయలుదేరి 20 నుంచి 25 కిలోమీటర్లు తిరిగి వస్తున్నాను. పందేల్లో పాల్గొనే ఉద్దేశం లేదు, ఫలానా చోటికి చేరాలన్న పనీ లేదు. తొక్కడం కోసమే తొక్కుతున్నాను.

ఈ నాలుగు నెలల్లో నాకు దొరికిన సంతోషం ఎటువంటిదో ముందుగా చెప్పకపోతే నా ప్రశ్నలోని బాధ అర్థం కాదని భావిస్తున్నాను. పల్లం మీద కాళ్లు కదపడం ఆపినప్పుడు వెనుక ఫ్రీవీలు చేసే కిటకిట, రాత్రి వాన కురిసిన రోడ్డు మీద టైర్ల సన్నని చప్పుడు, మొదటి వారంలో దిగి నడిపించుకుంటూ దాటిన ఎత్తును మూడో నెలలో సీటు మీద నుంచి లేవకుండానే ఎక్కేసిన ఉదయం, ఇవన్నీ నాకు ఎంతో విలువైనవి. ఇంటికి వచ్చాక కాళ్లలో ఉండే తియ్యని అలసట ఆ రోజంతా నన్ను ఉల్లాసంగా ఉంచుతుంది.

అయితే సుమారు గంట గడిచేసరికి రెండు చేతుల్లోనూ చిటికెన వేలు, ఉంగరపు వేలు తిమ్మిరెక్కుతున్నాయి. ఎత్తు ఎక్కిన రోజుల్లో మోకాలి చిప్ప చుట్టూ నొప్పి వస్తోంది. కూర్చునే చోట నొప్పి పుడుతుంటే మెత్తని జెల్ తొడుగు ఒకటి సీటుకు తొడిగాను. మొదటి పది నిమిషాలు హాయిగా అనిపించినా, తర్వాత నొప్పి మునుపటికంటే ఎక్కువైంది. దాన్ని తప్పించుకోవడానికి సీటు ముక్కును కాస్త కిందికి వంచాను. వీటికి తోడు గట్టిగా తొక్కినప్పుడల్లా కింద ఎక్కడి నుంచో టక్ టక్ మనే చప్పుడు వస్తోంది; చైనుకు నూనె పోసినా ఆగలేదు. నా శరీరానికి ఈ సైకిల్ సరిపడదనుకుని కొత్తది తీసుకోవాలా, లేక ఉన్నదాన్ని సరిచేసుకునే మార్గం ఏదైనా ఉందా? అనుభవజ్ఞులు వివరంగా తెలియజేయగలరని ఆశిస్తున్నాను.

జవాబు 1: పాతఇరుసు

వేకువసవారీ గారూ, సైకిల్ మార్చవలసిన అవసరం ఉందని నేను అనుకోవడం లేదు. మీరు మూడు బాధలను విడివిడిగా చెప్పారు గానీ, నాకు మాత్రం ఆ మూడూ ఒకే చోట, అంటే సీటు దగ్గర, పుట్టాయనే అనిపిస్తోంది. సీటు ముక్కును కిందికి వంచానని మీరు రాసిన వాక్యంలోనే సగం జవాబు ఉంది. ముక్కు వాలి ఉన్న సీటు మీద కూర్చున్నవాళ్ల శరీరం నిరంతరం ముందుకు జారుతూ ఉంటుంది. ఆ జారుడును ఆపే భారమంతా చేతుల మీద పడుతుంది. చిటికెన వేలికి, ఉంగరపు వేలిలో సగానికి స్పర్శనిచ్చే అల్నార్ నరం మణికట్టు దాటి అరచేతిలోకి ప్రవేశించే చోట పైపైనే ఉంటుంది కాబట్టి, హ్యాండిల్ మీద బరువు పెరిగితే ముందుగా నలిగేది అదే. బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు తిమ్మిరెక్కితే నలిగే నరం వేరు. మీరు చెప్పిన రెండు వేళ్లు మాత్రం అల్నార్ నరం వైపే చూపిస్తున్నాయి.

ముందుగా సీటు ఎత్తు చూడండి. మీరు ఎప్పుడూ తొక్కే బూట్లు వేసుకుని, గోడకు ఒక చేయి ఆనించి సీటు మీద కూర్చుని, మడమను పెడల్ మీద ఉంచి వెనక్కి తిప్పండి. పెడల్ అట్టడుగుకు వచ్చినప్పుడు నడుము పక్కకు ఒరగకుండానే కాలు పూర్తిగా చాచుకోవాలి. తర్వాత అలవాటు ప్రకారం పాదం ముందు భాగాన్ని పెడల్ మీద ఉంచితే, మోకాలు సుమారు 25 నుంచి 35 డిగ్రీల వరకు వంగి ఉంటుంది. టేపుతో కొలవాలనుకుంటే ఇంకొక పద్ధతి ఉంది: చెప్పులు లేకుండా గోడకు ఆని నిలబడి, కాళ్ల మధ్య ఒక గట్టి అట్ట పుస్తకాన్ని పైకి నొక్కి పట్టుకుని, నేల నుంచి దాని పై అంచు వరకు ఉన్న కొలతను 0.883తో గుణించండి. క్రాంకు (పెడల్‌ను మోసే చేయి) తిరిగే ఇరుసు మధ్య నుంచి సీటు పైభాగం వరకు ఉండవలసిన దూరం దాదాపు అంతే. కాలి కొలత 80 సెంటీమీటర్లయితే అది 70.6 సెంటీమీటర్లు అవుతుంది. రెండు పద్ధతులూ ఆరంభానికే గానీ తుది తీర్పులు కావు.

మోకాలి ముందు భాగంలో నొప్పి ఉన్నవాళ్లలో చాలామంది సీటు తక్కువ ఎత్తులో ఉంటుంది. మోకాలు వెనుక నొప్పి వస్తే తరచుగా సీటు మరీ ఎత్తులో ఉన్నట్టు. అయితే ఒకేసారి మూడు నాలుగు సెంటీమీటర్లు పెంచకండి. 5 మిల్లీమీటర్లు పెంచి, రెండు మూడు సార్లు తిరిగి వచ్చి, అవసరమైతే మరో 5 పెంచండి. సీటు కడ్డీ మీద చెక్కి ఉండే కనీస లోతు గీత ఎన్నడూ ఫ్రేము బయటకు కనిపించకూడదు. ఎత్తు ఎక్కేటప్పుడు బరువైన గేరులో నెమ్మదిగా అదిమి తొక్కడం కూడా మోకాలికి భారమే. తేలిక గేరులోకి మారి, నిమిషానికి 75 నుంచి 85 చుట్లు కాళ్లు ఆడేలా చూసుకోండి.

ఇక జెల్ తొడుగు తీసేయండి. పిరుదుల అడుగున ఉండే రెండు ఎముకలు మన బరువును మోయడానికి ఏర్పడినవి. మరీ మెత్తని పరుపులో ఆ ఎముకలు కూరుకుపోతే, వాటి మధ్యనున్న మెత్తని కండ, నరాలు, రక్తనాళాలు పైకి ఉబికిన జెల్‌కు ఒత్తుకుంటాయి. అందుకే పది నిమిషాల హాయి తర్వాత మీకు నొప్పి ఎక్కువైంది. సీటును నేలకు సమాంతరంగా ఉంచి, ఆ ఎముకల వెడల్పుకు సరిపోయే గట్టి సీటు మీద కొన్ని వారాలు కూర్చుంటే శరీరం అలవాటు పడుతుంది. మెత్త కుట్టిన సైక్లింగ్ నిక్కరు వేసుకుంటే దాని లోపల వేరే లోదుస్తులు వేసుకోకూడదు, ఎందుకంటే ఆ కుట్లే చర్మాన్ని ఒరిపిడికి గురిచేస్తాయి. నొప్పిని కొంతకాలం ఓర్చుకోవచ్చు గానీ, కాళ్ల మధ్య స్పర్శ తెలియకపోవడాన్ని మాత్రం ఎన్నడూ ఓర్చుకోకండి. వెంటనే లేచి నిలబడి తొక్కండి, సీటు కోణం మార్చండి. వేళ్ల తిమ్మిరి మర్నాటికీ తగ్గకపోయినా, పట్టు బలహీనపడినా వైద్యులకు చూపించడమే సరైన పని.

ఒకసారికి ఒక్క మార్పే చేయండి. మార్చే ముందు సీటు కడ్డీకి చిన్న టేపు ముక్క అంటించి పాత స్థానాన్ని గుర్తుపెట్టుకోండి. మూడు మార్పులు ఒకే ఉదయం చేస్తే, ఏది మేలు చేసిందో, ఏది కీడు చేసిందో తెలుసుకునే వీలు ఉండదు.

జవాబు 2: గాలిపంపు

పాతఇరుసు గారు సీటు గురించి చెప్పినదానితో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను, కానీ అదే మొదట చేయవలసిన పని అన్న మాటతో ఏకీభవించలేను. ఏళ్ల తరబడి నిలబడి ఉన్న సైకిల్ ఇది. సీటును తాకకముందు టైర్లను, బ్రేకులను చూడాలి.

గాలి నిండుగా ఉన్నప్పుడు టైరు పక్క గోడలను వేలితో తడిమి చూడండి. సన్నని పగుళ్లు కనిపిస్తే, లోపలి దారాలు బయటపడితే, రోడ్డును తాకే ట్రెడ్డు ఎంత కొత్తగా ఉన్నా ఆ టైరు పనికిరాదు. రబ్బరు వాడకం వల్లనే కాదు, కాలం వల్లా పాడవుతుంది. బ్రేకు రబ్బర్లు కూడా అంతే: గట్టిపడి, నున్నబడి, మెరుస్తున్న రబ్బరు రిమ్మును పట్టుకోలేదు. పైపొరను గరుకు కాగితంతో రుద్దితే కొన్నిసార్లు ప్రాణం వస్తుంది, కానీ రబ్బరులోని గాడులు అరిగి మాయమైతే మార్చేయాలి. రబ్బరులో చిక్కుకున్న ఇసుక రేణువులను, లోహపు తునకలను సూదితో తీసేయండి. రిమ్మును కోసేవి అవే. చేత్తో నొక్కే బ్రేకు పట్టీ దగ్గర తీగలో ఒక్క పోగు తెగి కనిపించినా తీగను మార్చండి. పట్టీని గట్టిగా నొక్కినప్పుడు అది హ్యాండిల్‌ను తాకకూడదు.

తర్వాత గాలి సంగతి. మీ అసౌకర్యంలో దీని వాటా ఉండవచ్చని నా అనుమానం, ఎందుకంటే ఎంత గాలి నింపుతున్నారో మీరు రాయలేదు. టైరు పక్కన ముద్రించి ఉండే పెద్ద అంకె ఆ టైరు భరించగల గరిష్ఠ పీడనం. అంత నింపాలని దాని అర్థం కాదు. 1888లో జాన్ బాయ్డ్ డన్‌లప్ బెల్‌ఫాస్ట్‌లో గాలి టైరుకు పేటెంటు పొందడానికి మూలం తన కుమారుడి మూడు చక్రాల బండి గతుకుల మీద కుదుపులు లేకుండా సాగాలన్న కోరికే. గాలి టైరు పుట్టిందే హాయి కోసం. దాన్ని రాయిలా బిగించి తొక్కితే ఆ హాయినంతా మనమే తీసేసినట్టవుతుంది. 35 మిల్లీమీటర్ల టైరు మీద 70 కిలోల మనిషి కూర్చుంటే వెనుక 50 పీఎస్ఐ (గాలి పీడనాన్ని కొలిచే ప్రమాణం), ముందు 45 పీఎస్ఐ దగ్గర ప్రారంభించవచ్చు. వెనుక చక్రం మీద బరువు ఎక్కువ పడుతుంది కాబట్టి ఆ తేడా. అయితే టైరు పక్కన కనిష్ఠ అంకె కూడా ఉంటే దానికంటే కిందికి వెళ్లకండి.

గాలి మరీ తగ్గితే వచ్చే ప్రమాదం వేరు. గుంతలో పడినప్పుడు ట్యూబు రిమ్ముకు, రోడ్డుకు మధ్య నలిగి, పాము కాటులాగా పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి. పంక్చరు అయిన ప్రతిసారీ చిల్లి ఎక్కడ ఉందో గమనించడం మంచి అలవాటు. రోడ్డు వైపు ఒకే చిల్లి ఉంటే ముల్లో, గాజు ముక్కో కారణం. అది ఇంకా టైరులోనే గుచ్చుకుని ఉండవచ్చు కాబట్టి లోపలి వైపు గుడ్డతో తుడిచి వెతకాలి. రిమ్ము వైపు చిల్లి ఉంటే స్పోకుల తలలను కప్పే పట్టీ జరిగి ఉంటుంది. అతుకు వేసేటప్పుడు తొందర పనికిరాదు: ట్యూబును గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్‌ను పలుచగా పూసి, తడి మెరుపు పోయి జిగట మాత్రమే మిగిలేదాకా కొన్ని నిమిషాలు ఆగి, అప్పుడు ప్యాచి గట్టిగా నొక్కాలి. తడి మీదనే అంటించిన అతుకులే ఎక్కువగా ఊడిపోతాయి.

జవాబు 3: లింకులలెక్క

ఇద్దరూ మీ శరీరం గురించి, టైర్ల గురించి చెప్పారు కాబట్టి నేను ఆ టక్ టక్ చప్పుడు గురించే రాస్తాను. సైకిల్‌లో చప్పుడు పుట్టే చోటు ఒకటి, వినిపించే చోటు మరొకటి. ఫ్రేము గొట్టాలు బోలుగా ఉండటం వల్ల సీటు కడ్డీలో పుట్టిన చప్పుడు కూడా పెడల్ దగ్గర పుట్టినట్టే వినిపిస్తుంది. అందువల్ల చెవిని నమ్మకుండా లెక్కను నమ్మండి.

ముందు పళ్లచక్రానికి ఎన్ని పళ్లున్నాయో, చైనుకు ఎన్ని లింకులున్నాయో లెక్కపెట్టండి. ఉదాహరణకు 38 పళ్లు, 114 లింకులు ఉన్నాయనుకుందాం; అప్పుడు మీరు మూడు చుట్లు తొక్కితే చైను ఒక్క చుట్టు పూర్తి చేస్తుంది. మూడు చుట్లకు ఒకసారి టక్కుమంటే చైనులో ఒక లింకు బిగుసుకుపోయి ఉంటుంది. పెడల్‌ను చేత్తో వెనక్కి నెమ్మదిగా తిప్పుతూ గేరు మార్చే చిన్న చక్రాల దగ్గర చూస్తే, ఆ లింకు సాఫీగా వంగలేక ఎగిరి పడటం కంటికే కనిపిస్తుంది. ప్రతి చుట్టుకూ ఒకసారి, అదీ ఒకే కాలు దిగేటప్పుడు, వస్తుంటే ఆ వైపు పెడల్‌నో, క్రాంకునో అనుమానించాలి. వెనుక 19 పళ్ల చక్రం మీద చైను ఉన్నప్పుడు ఒక చుట్టు తొక్కితే చక్రం రెండు సార్లు తిరుగుతుంది; కాబట్టి చుట్టుకు రెండు చప్పుళ్లు వచ్చి, కాళ్లు ఆపినా అవి కొనసాగితే తప్పు చక్రంలో ఉంది. లేచి నిలబడి తొక్కితే చప్పుడు ఆగిపోతే సీటునో, దాని కడ్డీనో చూడండి.

పెడల్ విప్పవలసి వస్తే ఒక్క విషయం మరవకండి. కుడి పెడల్‌కు మామూలు మర ఉంటుంది, ఎడమ పెడల్‌కు మాత్రం తిరగేసిన మర ఉంటుంది. అంటే ఎడమదాన్ని గడియారం ముల్లు తిరిగే దిశలో తిప్పితేనే వదులవుతుంది. రెండు వైపులా ఒకే రకం మర పెడితే, తొక్కుతున్నకొద్దీ ఇరుసు రంధ్రపు అంచు వెంబడి దొర్లి, ఎడమ పెడల్ తనంతట తాను ఊడివస్తుంది. విప్పాక మరలను శుభ్రంగా తుడిచి, గ్రీజు పూసి, గట్టిగా బిగించండి. గ్రీజు లేని పొడి మరలే ఎన్నో చప్పుళ్లకు మూలమని నా అనుభవం.

చైనుకు నూనె పోశానని రాశారు. దయచేసి దుమ్ము మీద నూనె పోయకండి. చైను అరిగేది బయట కాదు, ప్రతి లింకులోనూ పిన్నుకు, దాన్ని చుట్టిన లోహానికి మధ్య; బయట నిలిచిన నూనె దుమ్మును పట్టుకుని గరుకు ముద్దగా మారి లోపలికి చేరితే, అరుగుదలను తగ్గించడానికి బదులు పెంచుతుంది. ముందుగా చైనును తుడిచి, కడిగి, ఆరనిచ్చి, లింకుల మధ్య తిరిగే ఒక్కో రోలరు మీద ఒక్కో చుక్క వేయండి. కొన్ని నిమిషాలు పెడల్ వెనక్కి తిప్పి, నూనె లోపలికి ఇంకాక, పైనున్నదంతా పొడి గుడ్డతో తుడిచేయండి. తుడిచేటప్పుడు నూనె వృథా అవుతోందని అనిపిస్తుంది గానీ, లోపల ఉండవలసినది లోపలే ఉంటుంది.

చైను వయస్సును కూడా కొలవండి. ఒక్కో లింకు అర అంగుళం, కాబట్టి కొత్త చైనులో 24 లింకులు సరిగ్గా 12 అంగుళాలు. ఉక్కు స్కేలు సున్నాను ఒక పిన్ను మధ్యన పెట్టి చూస్తే, ఇరవై నాలుగో లింకు చివరి పిన్ను 12 అంగుళాలకు పైన అంగుళంలో పదహారో వంతు దాటితే చైను మార్చే సమయం వచ్చినట్టే. ఎనిమిదో వంతు దాటేదాకా ఆగితే వెనుక పళ్లు కూడా ఆ సాగిన చైనుకు తగ్గట్టు అరిగిపోయి ఉంటాయి; అప్పుడు కొత్త చైను వేస్తే పళ్ల మీద నిలవక ఎగురుతుంది, రెండూ మార్చక తప్పదు.

వేకువసవారీ

అందరికీ హృదయపూర్వక ధన్యవాదాలు. మూడు వారాలు గడిచాక, ఒక్కొక్క మార్పూ చేసి చూశాకనే రాస్తున్నాను.

గాలిపంపు గారి మాట ప్రకారం మొదట టైర్లు చూశాను. వెనుక టైరు పక్క గోడలో రెండు చోట్ల దారాలు బయటపడి ఉన్నాయి. ఇన్నాళ్లూ ఆ టైరుతోనే పల్లాల మీద వేగంగా దిగానని తెలిసి చాలాసేపు మనసు కుదుటపడలేదు. రెండు టైర్లు, బ్రేకు రబ్బర్లు మార్చాను. గరిష్ఠ అంకె దాకా గాలి నింపుతూ వచ్చినది నిజమే. ఇప్పుడు 50, 45 దగ్గర ఉంచుతున్నాను. అదే రోడ్డు మెత్తబడినట్టుంది.

చప్పుడును లెక్కపెడితే చుట్టుకు ఒకసారి, ఎడమ కాలు దిగేటప్పుడే వస్తోందని తేలింది. ఎడమ పెడల్ విప్పితే మరలు తుప్పు రంగుకు తిరిగి పొడిగా ఉన్నాయి. తుడిచి, గ్రీజు పూసి బిగించాను. ఆ తర్వాత చప్పుడు లేదు. చైను పదహారో వంతును కొద్దిగా దాటింది, మార్చాను. కొత్త చైను పాత పళ్ల మీద ఎగరకుండా సాఫీగానే నడుస్తోంది. వెనుక చక్రాన్ని తీసినప్పుడు ఇరుసును రెండు చేతులతో పట్టుకుని తిప్పి చూశాను. అది చాలాసేపు తిరిగి, వేగం తగ్గి, ఆగబోయి, వాల్వు ఉన్న బరువు వైపు కిందికి వచ్చేదాకా ఉయ్యాలలాగా అటూ ఇటూ ఊగి నిలిచింది. అన్నేళ్లు మూలన ఉన్నా లోపలి గోళీలు అంత నిశ్శబ్దంగా తిరగడం చూసి నాకు కలిగిన ఆనందాన్ని మాటల్లో పెట్టలేను.

సీటును మూడు దఫాలుగా 15 మిల్లీమీటర్లు పెంచి, సమాంతరంగా ఉంచాను. మోకాలి నొప్పి పోయింది. జెల్ తొడుగు తీసేశాక మొదటి వారం కష్టంగా గడిచినా, ఇప్పుడు కూర్చోవడం ఇబ్బందిగా లేదు. వేళ్ల తిమ్మిరి చాలావరకు తగ్గింది గానీ, 20 కిలోమీటర్ల తర్వాత కుడి చేతి చిటికెన వేలిలో కొద్దిగా మిగిలే ఉంది. దిగిన కొన్ని నిమిషాలకే పోతుంది. దీనికి ఇంకేమైనా చేయగలనా?

పాతఇరుసు

సంతోషం. మీరు కుడి చేయి అని రాశారు కాబట్టి, ఆ చేతిని హ్యాండిల్ మీద ఎలా ఉంచుతున్నారో ఎవరినైనా పక్క నుంచి చూడమనండి. మణికట్టు వెనక్కి విరిగి ఉంటే నరం మీద ఒత్తిడి పెరుగుతుంది. ముంజేయి, మణికట్టు, వేళ్ల కణుపులు ఒకే గీతలో ఉండాలి. బ్రేకు పట్టీలు మరీ పైకి తిప్పి ఉంటే వాటిని అందుకోవడానికి మణికట్టు విరుగుతుంది. వాటిని ముందుకు, కిందికి, చేయి సహజంగా చాచిన దిశలోకి వంచండి. పిడి గుండ్రంగా ఉంటే, బయటి అంచున వెడల్పుగా అరచేతిని మోసే రకం పిడికి మార్చడం అల్నార్ నరానికి ఎంతో ఉపశమనం.

తిన్నని హ్యాండిల్‌కు ఉన్న లోపం ఏమిటంటే చేతికి ఒకటే చోటు. చివర్లలో చిన్న కొమ్ముల్లాంటి బారు ఎండ్లు బిగించుకుంటే రెండో చోటు దొరుకుతుంది. అవి లేకపోయినా ప్రతి పది నిమిషాలకూ ఒక్కో చేతిని మార్చి మార్చి తీసి విదిలించండి, మోచేతులను బిగదీయకుండా కాస్త వంచి ఉంచండి. సీటు 15 మిల్లీమీటర్లు పెరిగింది కాబట్టి దానితో పోలిస్తే హ్యాండిల్ ఇప్పుడు అంత మేర కిందికి వెళ్లినట్టే. హ్యాండిల్ మెడ కింద ఉన్న వలయాల అమరిక చూడండి. పైన ఒకటి రెండు వలయాలు మిగిలి ఉంటే వాటిని కిందికి మార్చి హ్యాండిల్‌ను ఎత్తవచ్చు. ఆ పని చేశాక ముందు బ్రేకు నొక్కి పట్టుకుని సైకిల్‌ను ముందుకూ వెనక్కూ ఊపి, మెడలో వదులు లేదని నిర్ధారించుకున్నాకే రోడ్డు మీదికి వెళ్లండి.